ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పాట ఎవరు చెప్పాలి?
రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎస్‌సీఈఆర్‌టీ సంచాలకుల వారికి,

విజయనగరం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నేను సెకండరీ గ్రేడ్ టీచర్ని. సంగీతం చదువుకున్నవాణ్ని కాను. నా గొంతు మీద మా ఇంట్లోవాళ్లకే పెద్ద నమ్మకం లేదు. అయినా మా బడిలో పాట పీరియడ్ నాదే. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం చెప్పే మనిషే పాట కూడా చెప్పాలి కాబట్టి నాదే. రాష్ట్రంలో చిన్న తరగతులు చెప్పే టీచర్లలో ఎక్కువమంది సంగతి ఇంతే.

మీకు వచ్చే ఉత్తరాలు సిలబస్ తగ్గించమనో, పుస్తకంలో తప్పులు దిద్దమనో అడుగుతుంటాయి. నేను అడిగేది చిన్న విషయం. ముప్పైమంది పిల్లలు ఒకే గదిలో ఒకేసారి శబ్దం చేసే పీరియడ్‌ను ఎలా నడపాలో మాకు నేర్పించండి. మాకు పాట రాదు కనుక ఈ పీరియడ్ మూలపడిందని అందరూ అనుకుంటున్నారు. గదిని పట్టుకోవడం రాక మూలపడిందని నేనంటాను.

కాగితం మీద లోటేమీ లేదు. సంగీతం, నృత్యం, దృశ్యకళలు, నాటకం బడిచదువులో అన్ని దశల్లోనూ ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తయారైన చట్రం ఆ మాటనే అందుకుంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక కళలకూ గ్రేడు వేస్తున్నాం. పాఠ్యాంశాలకూ సహపాఠ్యాంశాలకూ మధ్య గోడ వద్దని 2020 జాతీయ విద్యా విధానం అంది. 2023 చట్రం ప్రకారం ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాంసురీ’ అనే కళల పుస్తకం కూడా తెచ్చింది. ఇక 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు 100కు మించితే కళలు నేర్పడానికి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని అందులో ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఆ ఊసే లేదు. 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు అన్న లెక్క మాత్రం ఉంది. అంటే చెవీ గొంతూ కుదురుకునే వయసులో పాట చెప్పే బాధ్యత క్లాసు టీచరుదేనని చట్టం చెప్పకనే చెప్పింది. సరే, ఒప్పుకుంటాం. ఒప్పుకున్న పని చేయడానికి చేతిలో ఏం పెట్టారన్నదే ప్రశ్న.

నిజానికి మా బళ్లలో రోజూ తప్పకుండా జరిగే సంగీత పాఠం ఒకటుంది. అది ఉదయం అసెంబ్లీ. జాతీయగీతం పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకన్లు పడుతుంది. ఆ 52 సెకన్లను మేమెవరం పాఠంగా లెక్కపెట్టం. ఐదో తరగతి అమ్మాయి మైకు ముందు నిలబడి తనకు తోచిన శ్రుతిలో ఎత్తుకుంటుంది. అది కాస్త ఎక్కువైతే చివరి పాదానికి వచ్చేసరికి ఒకటో తరగతి పిల్లలు అందుకోలేక అరుస్తారు, మగ టీచర్లు ఒక స్థాయి కిందికి దిగిపోతారు. తర్వాత మైకులో మందలింపు: ‘జాతీయగీతం కూడా పద్ధతిగా పాడలేరా?’ పిల్లల దగ్గర పద్ధతి ఉంది, మొదలుపెట్టిన శ్రుతి దగ్గరే లేదు. ఫోనులో తంబూరా పెట్టి ఒక్క స్వరం వినిపించి ఎత్తుకోమంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె వచ్చినప్పుడు ఆ గీతం బాణీని స్వరాల్లో రాసిపెట్టింది అక్కడి కళాశాల ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్. మన రాష్ట్రంలో, ఒక విద్యాసంస్థలో, ఒక సంగీతజ్ఞురాలి చేతుల మీదుగా జరిగిన పని అది. ఆ గీతాన్ని ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో ఇప్పటి టీచర్లకు ఏ శిక్షణలోనూ చెప్పరు.

టైంటేబుల్లో ఉన్న పాట పీరియడ్ ఎలా మాయమవుతుందో మీకు చెప్పాలి. కొత్త టీచరు ఉత్సాహంగా మొదలుపెడతారు. ‘పాట పాడదామా’ అనగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు. పది నిమిషాల్లో గది చేయి దాటుతుంది. పక్క గదిలో లెక్కలు చెబుతున్నావిడ గుమ్మం దగ్గరికి వస్తుంది. హెచ్‌ఎం గారు వరండాలో నిలబడి చూస్తారు. ఎవరైనా తనిఖీకి వస్తే కేకలు వినపడే క్లాసును చదువు జరగని క్లాసుగానే లెక్కేస్తారు. ‘సైలెన్స్’ అని నాలుగుసార్లు అరిచాక టీచరు గొంతు బొంగురుపోతుంది. మరుసటి వారం నుంచి ఆ పీరియడ్‌లో ఎక్కాలు చదివిస్తారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. శబ్దం చేయించి మళ్లీ ఆపించడం ఒక విద్య. అది మాకెవరూ నేర్పలేదు.

మా స్కూల్ కాంప్లెక్స్‌లో కొందరు టీచర్లం కలిసి చేసి చూసినవాటిలో నిలబడినవి మీ ముందు పెడుతున్నాను. ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. వీటన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే: పాట పీరియడ్‌కు కావలసిన క్రమశిక్షణ పాటలోనే ఉంది. అందరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఒకేసారి ఆపడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, పక్కవాడి గొంతు వినడం. క్లాసు నడవడానికి ఇవే కావాలి, సంగీతంలో మొదటి పాఠాలూ ఇవే. క్రమశిక్షణను విడిగా, సంగీతాన్ని విడిగా చెప్పబోతే రెండూ చెడతాయి.

అందుకే మొదటి వారమంతా పాట లేదు, ఆపడం ఒక్కటే. పిల్లలందరికీ ‘స్టాచ్యూ’ ఆట తెలుసు. నేను డప్పు మీద నడక దరువు వేస్తాను, వాళ్లు నడుస్తారు. దరువు ఆగితే శిలల్లా ఆగాలి. దరువు వేగమైతే అడుగు వేగం, మెల్లగైతే మెల్లగా. కదిలినవాణ్ని ఆటలోంచి తీసేయను. తీసేస్తే అల్లరి చేయడానికి వాడికి ఖాళీ దొరుకుతుంది. వాణ్నే పిలిచి తర్వాతి దరువు వేయమంటాను. రెండు మూడు రోజులకు ఆగడం పిల్లలకు సరదా అవుతుంది. నా నోరు లేవకుండానే గది నిశ్శబ్దమవుతుంది. టీచర్లలో గొంతు జబ్బులు మిగతా ఉద్యోగాలవాళ్లకన్నా ఎక్కువన్న సంగతి వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. చేతికి అప్పగించగల పనిని గొంతుతో చేయడం మానుకుంటే మా సర్వీసు చివరిదాకా గొంతు మిగులుతుంది.

రెండోది లోపలికి రావడం. పిల్లలు బిలబిలా దూసుకొచ్చి కూర్చున్నాక క్లాసును అదుపులోకి తేబోతే ఆలస్యమైపోయినట్టే. గుమ్మం దగ్గర నిలబడి నాలుగు దెబ్బల చప్పట్లు ఒక వరసలో కొడతాను. వాళ్లు అదే వరస తిరిగి కొడుతూ ఒక్కొక్కరే వచ్చి అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. బెంచీల వరసల్లో కూర్చుంటే వెనకవాడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనిపించదు. చాపల మీద అర్ధచంద్రంగా కూర్చుంటే అందరి చేతులూ నాకు కనిపిస్తాయి, నా చేయి అందరికీ కనిపిస్తుంది. చప్పట్ల వరస రోజూ మారుతుంది కాబట్టి వినకపోతే కుదరదు.

మూడోది హాజరు. పేర్లను పాడి పిలుస్తాను. షడ్జం నుంచి పంచమానికి వెళ్లి రావడమే, అంతకు మించిన విద్య అక్కర్లేదు. పిల్ల అదే వరసలో ‘వచ్చానండీ’ అని బదులు పాడుతుంది. ముప్పైమందికి నాలుగైదు నిమిషాలు చాలు. హాజరు అయిపోతుంది, ప్రతి పిల్ల గొంతూ విడిగా నా చెవిన పడుతుంది. ఎవరు స్వరం అందుకున్నారో, ఎవరు ఇంకా మాటలాగే పలుకుతున్నారో అక్కడే తెలుస్తుంది. గుంపులో పాడించి అందరికీ ‘ఏ’ గ్రేడు వేయడం మనకు అలవాటైంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ పిల్లల గొంతుల దగ్గర ఆ లెక్క చెల్లదు. ప్రతి మెతుకూ పట్టి చూడాల్సిందే.

గొంతుల గురించి ఇంకొంచెం చెప్పాలి. ‘వీడికి గొంతు లేదు’ అని మనం పక్కన కూర్చోబెట్టే పిల్లల్లో చాలామందికి గొంతు ఉంటుంది. పై స్థాయిలో పలికే గొంతు ఒకటి తమ దగ్గరుందని వాళ్లకింకా తెలియలేదు, అంతే. మాట్లాడే గొంతుతోనే పాడబోయి, అందక అక్కడే ఉండిపోతారు. మామిడిచెట్ల మీద కోయిల కూసే రోజుల్లో పల్లెపిల్లల్ని గమనించండి. కోయిల ఒక మెట్టెక్కితే వాళ్లూ ఒక మెట్టెక్కి వెక్కిరిస్తారు. తరగతిలో గొంతు లేదన్న పిల్లవాడే చెట్టు కింద కోయిలకు సమానంగా పైకి వెళతాడు. ఆ కూతనే తరగతిలోకి తెచ్చుకోవాలి. చేయి కింది నుంచి పైకి జార్చి ‘దీంతోపాటు కూయండి’ అంటే చాలు. పై స్థాయి అలా దొరికాక పాట అందులో పెట్టవచ్చు. మగ టీచర్లకు ఇంకో చిక్కుంది. మేం పాడితే పిల్లల కన్నా ఒక స్థాయి కింద పలుకుతుంది. పాపం, కొందరు పిల్లలు మా కోసం అంత కిందికి దిగబోయి గొణుగుతారు. శ్రుతి కలిసే పిల్లనొకతెను పక్కన నిలబెట్టి ఆమె చేత మొదటి వరస పాడించడమే మందు. ‘ఇంకా గట్టిగా’ అనే మాట మాత్రం అనకూడదు. అంటే పాట పోయి అరుపు వస్తుంది.

పాట నేర్పడంలో మేం అలవాటు చేసుకున్న నియమం ఒకటి: పిల్లలు పాడేటప్పుడు టీచరు పాడకూడదు. నేను వరస పాడతాను, వాళ్లు వింటారు. వాళ్లు పాడతారు, నేను వింటాను. ఇద్దరం కలిసి పాడితే తప్పెక్కడుందో ఇద్దరికీ వినపడదు. బోర్డు మీద సాహిత్యం ముందే రాయను. రాస్తే చెవులు మూతపడి కళ్లే పనిచేస్తాయి. మొదట పాటంతా రెండుమూడు సార్లు వినిపిస్తాను. విన్న ప్రతిసారీ ఒక పని ఉంటుంది: ఈ పాటలో ఎన్ని పిట్టలున్నాయి, ఏ మాట ఎక్కువసార్లు వచ్చింది, ఎక్కడ ఊపిరి పీల్చాను. పనిలేని చెవి ఎదురుచూడదు, పక్కవాడి జడ లాగుతుంది. 40 నిమిషాల పీరియడ్‌లో ఒకే పనిని ఏడెనిమిది నిమిషాలకు మించి సాగనీయం. పాడటం, నడవడం, తాళం, వినడం, మళ్లీ పాడటం. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే ఆ అర నిమిషంలోనే గది చెదిరిపోతుంది కాబట్టి మధ్యలో మాటలు ఉండవు. దరువే దారి చూపుతుంది.

తాళం దగ్గరికి వద్దాం. ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు. మొత్తం ఎనిమిది. చేతులు ఖాళీగా ఉండే వీల్లేని పని ఇది. అల్లరికి ఇంతకన్నా మర్యాదైన విరుగుడు నాకు తెలియదు. జతులు చెప్పడానికి మధ్యాహ్న భోజనం కూరలు వాడుకుంటున్నాం. వంకాయ అంటే తకిట, మూడు. బెండకాయ అంటే తకధిమి, నాలుగు. గోరుచిక్కుడు అంటే తకతకిట, ఐదు. వంకాయ, బెండకాయ వెంటవెంటనే అంటే మిశ్రం, ఏడు. బెండకాయ, గోరుచిక్కుడు అంటే సంకీర్ణం, తొమ్మిది. మాటల్లో దీర్ఘాలూ ఒత్తులూ ఉన్నా తాళంలో ప్రతి అక్షరానికీ ఒకే కొలత అని ముందే చెప్పుకుంటాం. రెండో తరగతి పిల్లలు సగంమంది వంకాయ మీద, సగంమంది బెండకాయ మీద ఉండి, రెండు వరసలూ పన్నెండో దెబ్బ దగ్గర కలిసినప్పుడు వాళ్లు వేసే కేక వినాలి. అది కసాగు, కనిష్ఠ సామాన్య గుణిజం. ఆ మాట పై తరగతి లెక్కల్లో వచ్చేసరికి వాళ్లకది పాత చుట్టమై ఉంటుంది. ఇలా అన్నానని సంగీతం లెక్కలకు పనిముట్టు అని రాయకండి. లెక్కలు రాకపోయినా ఆ కేక వేసే హక్కు పిల్లలకుంది.

స్వరాల విషయంలో మీ పాఠ్యప్రణాళిక నిపుణులతో ఒక మాట చర్చించాలని ఉంది. పురందరదాసు పేరిట వస్తున్న సంప్రదాయంలో సరళీ వరసలు మాయామాళవగౌళలో మొదలవుతాయి. గురువు ఎదుట కూర్చున్న ఇద్దరు ముగ్గురు శిష్యులకు అది గొప్ప పునాది. ఒకటో తరగతిలో ముప్పైమంది ఒక్కసారిగా పాడేటప్పుడు షడ్జం పక్కనే ఆనుకుని ఉండే ఆ శుద్ధ రిషభం నిలవదు, అటో ఇటో జారిపోతుంది. మోహన వంటి ఐదు స్వరాల వరసల్లో స్వరాల మధ్య ఎడం ఎక్కువ, జారినా చెవికి వెంటనే తెలుస్తుంది. హంగరీలో జోల్తాన్ కొడాయ్ (1882–1967) చిన్నపిల్లల పాఠాలను ఐదు స్వరాల జానపదాలతోనే మొదలుపెట్టించాడు. బయటివారి పాటలు కాదు, పిల్లలు పుట్టిన భాషలోని పాటలతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టాడు. మనకు ఆ సంపద కొదవా? బిరుదురాజు రామరాజు వంటి పండితులు జానపద గేయాల మీద జీవితాలు ధారపోశారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లల చేతే పాడించి, ఆడించి చూపారు. వాటిలో చిన్నపిల్లల గొంతు పరిధికి సరిపోయేవి ఏవో ఏరి, తరగతుల వారీగా ఇవ్వాల్సిన పని మీ మండలిదే.

వాద్యాలు ఆఖరున రావాలి. కోలాటం కర్రలు చేతిలో పడగానే తాళం వేసే పిల్లవాడు ఈ భూమ్మీద లేడు, అందరూ కత్తియుద్ధమే చేస్తారు. అందుకని మొదట చప్పట్లు, చిటికెలు, తొడ మీద తట్టడం. అవి నిలకడగా వచ్చాకే కర్రలు. కర్రలకు మూడే స్థానాలు: నేల మీద, ఒళ్లో, చేతిలో. స్థానం మారేది తాళం మీదే. పంచడానికి ఇద్దరు, తిరిగి తీసుకోవడానికి ఇద్దరు. సగంమంది వాయిస్తుంటే మిగతావాళ్లు తాళం పడతారు, తర్వాత మార్పిడి. ఎదురుచూసేవాళ్ల చేతికి పని ఉంటే కర్రల కోసం పోట్లాట ఉండదు. అయినా అల్లరి చేసినవాణ్ని ఏం చేయాలి? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అలాగే ‘అల్లరి చేశావు, ఈరోజు నీకు పాట లేదు’ అనడం కూడా మానేశాం. లెక్కల్లో అల్లరి చేశాడని లెక్కలు చెప్పడం మానం కదా.

డప్పు గురించి విడిగా చెప్పాలి. బడిలో డప్పు మోగితే కొన్ని ఊళ్లలో పెద్దవాళ్ల ముఖాలు మారతాయి. అది ఎవరి ఇంటి వాద్యమో ఊరందరికీ తెలుసు. అందుకే బడిలో మోగాలంటాను. ఆ ఇంటి పిల్లవాడికి నాకన్నా ఎక్కువ దరువులు వచ్చు. పండగనాడో చావునాడో ఊరి చివర వాయించే విద్య తరగతిలో పాఠమైన రోజున వాడే గురువు, మిగతా కులాల పిల్లలు, ఆడపిల్లలు కూడా, వాడి దగ్గర నేర్చుకునే శిష్యులు. పాటల ఎంపికలోనూ ఈ చూపు ఉండాలి. మా తరగతిలో శ్రుతి బాగా కలిసే పిల్లల్లో కొందరు ఆదివారం చర్చిలో పాడేవాళ్లు, కొందరు రామాలయంలో భజనకు వెళ్లేవాళ్లు. వారి వారి ఇళ్ల నుంచి తెచ్చిన చెవిని గౌరవిస్తూనే, అందరూ కలిసి పాడగలిగే పాటలు బడికి కావాలి. పొలం, వాన, పశువు, బండి, సంత, ఆట. వీటిమీద జనం కట్టుకున్న పాటలకు లోటు లేదు.

కలవని పిల్లలు కొందరుంటారు. శబ్దం పెరగ్గానే చెవులు మూసుకునే పిల్లవాడికి గుమ్మం పక్కన చోటు, ఎప్పుడైనా బయటికి వెళ్లే అనుమతి ఉండాలి. సరిగా వినపడని పిల్ల చేయి డప్పు చట్రం మీద పెడితే దరువు ఆమెకు అరచేతిలో తెలుస్తుంది. కుదురుగా కూర్చోలేనివాడికి నిలకడైన దెబ్బ ఒకటి వేసే పని అప్పగిస్తే చాలాసార్లు తరగతినంతా వాడే మోస్తాడు. అందరికీ ఇది పనిచేస్తుందని చెప్పను. ఇలాంటి పిల్లల విషయంలో మాకు సలహా ఇవ్వడానికి ప్రత్యేక అవసరాల పిల్లల కోసం పనిచేసే రిసోర్సు టీచర్లనూ ఈ శిక్షణలో కూర్చోబెట్టాలి.

ఇక రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉన్న బళ్ల సంగతి. అక్కడ ఒక గదిలో పాట, పక్క గదిలో లెక్కలు అంటే కుదరదు. బడి అంతటికీ పాట ఒకే పీరియడ్‌లో పెట్టాలి. ఒకరు ఒకటి, రెండు తరగతులను తీసుకుంటే ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు. ఎండ లేకపోతే చెట్టు కింద. ఒక్క టైంటేబుల్ సవరణతో సగం పేచీలు పోతాయి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఖర్చు పెట్టినవాటి సంగతి కూడా చెప్పాలి. తరగతి గదుల్లోకి పెద్ద తెరలొచ్చాయి, మంచిదే. పాట పీరియడ్‌లో వాటిని ఆన్ చేసి పిల్లల్ని ఎదుట కూర్చోబెడితే గది అదుపులోనే ఉంటుంది, తెర మాత్రమే పాడుతుంది. అందులోని పాటల శ్రుతి మన పిల్లలకు తగ్గదు, వేగం ఆగదు, వెనకవాద్యాల హోరులో తన గొంతు తనకే వినపడదు. తంబూరా శ్రుతి వినిపించడానికీ, మంచి గాయకుల పాట విని మాట్లాడుకోవడానికీ వాడితే ఆ తెర పనికొస్తుంది. వార్షికోత్సవాలదీ ఇదే కథ. నెలరోజులు క్లాసులు పక్కనపెట్టి పదిమందిని ఏరి సినిమా పాటకు అడుగులు నేర్పిస్తాం. మిగతా పిల్లలు ప్రేక్షకులు. సంగీతానికి ఏడాదంతా దొరకని సమయం, డబ్బు ఆ ఒక్క రాత్రికి దొరుకుతాయి. మండల స్థాయి, జిల్లా స్థాయి పోటీలతో ఏరివేత ఇంకా కింది తరగతులకు దిగింది. పదేళ్లలోపు పిల్లవాడికి ‘నువ్వు ఎంపిక కాలేదు’ అని సంగీతంలో చెప్పే హక్కు మనకెక్కడిది?

అందువల్ల మీకు నా విన్నపాలు ఇవి.

మొదటిది, వారానికి రెండు పాట పీరియడ్లు ఒకటి నుంచి ఐదు తరగతులకు టైంటేబుల్లో పెట్టి, వాటిని రివిజన్‌కూ పరీక్షలకూ వాడరాదని రాతపూర్వకంగా చెప్పండి. నో బ్యాగ్ డే శనివారాలున్నాయి కదా అని వాటిలోకి నెట్టేయకండి. చెవికి రోజుల తేడాలో మళ్లీ మళ్లీ వినడం కావాలి.

రెండోది, శిక్షణ. జిల్లా శిక్షణ సంస్థలైన డైట్లలోనూ, కాంప్లెక్స్ సమావేశాల్లోనూ కళల విద్య ప్రాముఖ్యం మీద ప్రసంగాలు విన్నాం. ఇప్పుడు మమ్మల్నే పిల్లల స్థానంలో కూర్చోబెట్టి, పైన చెప్పినలాంటి పీరియడ్‌ను మా మీద నడిపి చూపించండి. తర్వాత మా చేత నడిపించి, తప్పులు దిద్దండి. డీఎడ్ విద్యార్థులకు టీచింగ్ ప్రాక్టీసులో తెలుగు, లెక్కల పాఠాలతోపాటు పాట పాఠాలు కొన్నిటిని తప్పనిసరి చేయండి.

మూడోది, కళాకారులు. 1919లో మా విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల తెరిచారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ఘంటసాల చదువుకున్న కళాశాల అది. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ సంగీత కళాశాలల నుంచి సర్టిఫికెట్లు, డిప్లొమాలు తీసుకుని బయటికొచ్చేవాళ్లకు పనిలేదు, బళ్లకు వాళ్లు లేరు. కాంప్లెక్స్‌కు ఒకరిని గౌరవ వేతనం మీద నియమించి, వారానికి ఒక్కో బడికి పంపండి. జానపద కళాకారులకూ ఈ చోటు ఇవ్వండి. డిప్లొమా లేకపోవచ్చు, డప్పు, చెక్కభజన, కోలాటం తెలిసినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. వచ్చినవారు పిల్లల్ని మాత్రమే పట్టుకుని క్లాసు టీచర్ని స్టాఫ్‌రూముకు పంపేస్తే ప్రయోజనం లేదు. కళాకారుడికి పాట తెలుసు, ఆ పిల్లలు మాకు తెలుసు. ఇద్దరం గదిలో ఉండాలి.

నాలుగోది, గ్రేడు. ఇప్పుడు కళలకు వేస్తున్న గ్రేడులో పరిశీలన ఉండటం లేదు. దాని బదులు నాలుగు సంగతులు అడగండి: నిలకడగా తాళం పట్టగలుగుతున్నాడా, గుంపుతో కలిసి మొదలుపెట్టి ఆపగలుగుతున్నాడా, వినిపించిన స్వరం అందుకుంటున్నాడా, నాలుగు దెబ్బల వరసను సొంతంగా కల్పించగలుగుతున్నాడా. ఏడాదిలో రెండుసార్లు ‘అవును’, ‘ఇంకా లేదు’ అని రాస్తే చాలు. మాకు రిజిస్టర్లు తక్కువేం లేవు, ఇంకోటి పంపకండి. ఉన్న హాజరు రిజిస్టరులోనే ఒక గడి ఇవ్వండి.

అయిదోది, ఐదో తరగతి దాకా పాటల పోటీలు ఆపండి. బడి పిల్లలందరూ వేదికెక్కి కలిసి పాడే కార్యక్రమం పెట్టమనండి.

ఆఖరిది తనిఖీ అధికారులకు సంబంధించింది. పాట పీరియడ్‌లో గది ఎంత నిశ్శబ్దంగా ఉందని చూడవద్దని వారికి చెప్పండి. టీచరు చేయి ఎత్తగానే ఎంత త్వరగా ఆగింది, మళ్లీ ఎంత కలిసి మొదలైంది, ఎంతమంది పాడుతున్నారు, ఎంతమంది ఊరికే కూర్చున్నారు అని చూడమనండి. ఆ పీరియడ్‌కు ఈ కొలతలు ఒక్కసారి తనిఖీ పత్రంలో చేరితే పాడటం రాదని తప్పుకునే మాలాంటివాళ్లం రేపే మొదలుపెడతాం. డబ్బు, నియామకాలు కావలసిన విన్నపాలకు ఆర్థిక శాఖ దాకా వెళ్లాల్సి రావచ్చు, వేచి ఉంటాం. టైంటేబులు, గ్రేడు, తనిఖీ పత్రం మాత్రం మీ కార్యాలయం చొరవ తీసుకుంటే కదిలే కాగితాలు. వచ్చే జూన్‌లో బళ్లు తెరిచే నాటికి ఆ మూడూ మాకు అందేలా చూడండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సెకండరీ గ్రేడ్ టీచరు,
విజయనగరం జిల్లా.